తోడక్క చెప్పిన ఒక్క మాట

తోడక్క చెప్పులు విప్పి, పియానో కింద గోడవారగా ఉంచుకున్న పలచటి బూట్లలోకి పాదాలు దూర్చింది. కుడికాలి బూటు పెడలు నొక్కీ నొక్కీ ముందువైపు నున్నగా అరిగిపోయింది. లేసు ఎప్పుడో తెగితే, ఏదో పొట్లానికి కట్టి వచ్చిన దారం ఆ స్థానంలో చేరి అక్కడే స్థిరపడిపోయింది. వాటితో వీధిలో నడిస్తే చూసినవాళ్ళు నవ్వుతారు కాబట్టి అవి ఆ గది గడప దాటి ఎరగవు. బెంచీ మీద దిండు సర్దుకుని కూర్చుంది. మనిషి పొట్టి. అరచేతులు వెడల్పు, వేళ్ళు బొద్దు. ఈ వేళ్ళతో ఏం వాయిస్తుందిలే అని కొత్తగా చూసినవాళ్ళు అనుకుంటారు. కళ్ళజోడు దారం కట్టుకుని మెడలో వేలాడుతూ ఉంటుంది, మరీ అవసరం పడితే తప్ప ముక్కు మీదికి ఎక్కదు. మెత్తటి గుడ్డతో పియానో మెట్లన్నీ ఈ చివర నుంచి ఆ చివరి దాకా తుడిచి, గుండెనిండా ఊపిరి తీసి వదిలి, "ఇంక రమ్మనండి" అంది.

విశ్వవిద్యాలయంలో సంగీత విభాగానికి ప్రవేశ పరీక్షలు జరిగే రోజులవి. పాడేవాళ్ళు, వయొలిన్ వాళ్ళు, వేణువు వాళ్ళు ఒక్కొక్కరే బిక్కుబిక్కుమంటూ లోపలికి వస్తారు. ఎదురుగా బల్ల వెనక మాస్టర్లు వరసగా కూర్చుంటారు. వచ్చినవాళ్ళకు పియానో మీద తోడు వాయించడం ఆవిడ ఉద్యోగం. ఆఫీసు కాగితాల్లో ఆ ఉద్యోగానికి నోరు తిరగని పేరొకటి ఉంది. అది పలకలేక ఏనాటి పిల్లలో తోడక్క అన్నారు, అదే ఖాయమైంది. ఆ పిల్లల్లో ఒకడు ఇప్పుడు ఆ విభాగానికే పెద్ద. తల ముగ్గుబుట్ట అయ్యింది, అయినా ఆవిణ్ణి అక్కా అనే పిలుస్తాడు.

తోడు వాయించడంలో కిటుకంతా ఊపిరిలో ఉంది. పాడబోయే మనిషి భుజాలు ఎప్పుడు లేస్తాయో కనిపెట్టి, ఆవిడా సరిగ్గా అప్పుడే ఊపిరి తీస్తుంది. వాళ్ళు పరుగెడితే పరుగెడుతుంది, తడబడితే ఆగుతుంది. భయంలో ఎవరైనా ఒక చరణం ఎగరగొట్టి ముందుకు దూకితే, ఏమీ ఎరగనట్టు ఆవిడా దూకుతుంది. అలవాటు ముదిరి బస్సులో పక్క సీటు మనిషితో కూడా ఊపిరి కలుపుతుంది. ఇంట్లో ఆయన గురక పెడితే దానికీ తోడు వెళ్తుంది. ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. "నాది కిందికీ పైకీ తిరిగే ఉద్యోగం, నీది వెనకాల తిరిగే ఉద్యోగం" అని వేళాకోళం చేస్తాడు. తోడక్కకు ఆ మాటలో తప్పేమీ కనిపించదు.

ఆ ఉదయం వచ్చినవాళ్ళలో ఒక అబ్బాయి మొదటి మాటకే శృతి తప్పాడు, ఒక అమ్మాయి పాట మొదలుపెట్టే ముందు అందరికీ రెండేసిసార్లు నమస్కారం పెట్టింది. అందరికీ ఒకే తీరుగా తోడు వాయించింది తోడక్క. మధ్యలో విరామం ఇస్తే నీళ్ళు తాగుదామని వరండాలోకి వచ్చింది. అంతే, తల్లిదండ్రులు చుట్టుముట్టేశారు. పరీక్ష పెట్టేవాళ్ళ వైపు నుంచి బయటికి వచ్చే మనిషి ఆవిడొక్కతే కావడంతో ఏటా ఇదే తంతు.

"అమ్మా, మావాడికి గొంతు బాగుందని అందరూ అంటారు. అసలు మ్యూజిక్ చదివితే ఏమవుతాడండీ?" అన్నాడు చేతిలో గొడుగు పట్టుకున్న ఒక పెద్దమనిషి.

"చాలా దారులున్నాయండీ. వేదికెక్కి పాడేవాళ్ళకు ఒక డిగ్రీ. పాటలు కట్టేవాళ్ళకు ఇంకోటి. బళ్ళో నేర్పాలనుకునేవాళ్ళకు బోధన కలిపి చెప్తారు. సంగీతం మీద పరిశోధన చేసి రాసేవాళ్ళకు వేరే ఉంది. సంగీత చికిత్స అని మరొకటి ఉంది. మొదటి ఏడాది అందరూ ఒకచోటే కూర్చుంటారు, తర్వాత ఎవరి గది వాళ్ళది."

"చికిత్సంటే డాక్టరవుతాడా?" ఆయన మొహం ఒక్కసారి వెలిగింది.

"అబ్బే, మందు డాక్టరే ఇస్తాడండీ. వీళ్ళు మనసు గురించి చదువుతారు, ఒంటి గురించి చదువుతారు. ఆసుపత్రుల్లో, పెద్దవాళ్ళ ఆశ్రమాల్లో, మాటలు రాని పిల్లల దగ్గర బోలెడన్ని గంటలు పనిచేయాలి. మాట పడిపోయినాయన పాటలో ఒక మాట పట్టుకునేలా, నడక తప్పినావిడ తాళం మీద అడుగు వేసేలా చూస్తారు."

"అయితే రోగం తగ్గిపోతుందన్నమాట."

"కొందరికి సాయం చేస్తుంది. కొందరి దగ్గర ఊరికే తోడు కూర్చోవడమే పని."

పెద్దమనిషి మొహంలో వెలుగు కాస్త తగ్గింది. గొడుగు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. "మరి వీటిల్లో మావాడికి ఏది మంచిదంటారు?"

"అది మాత్రం నన్నడక్కండి" అని గ్లాసు బోర్లించి లోపలికి వెళ్ళిపోయింది తోడక్క.

ఆయన ఏమనుకున్నాడో గానీ ఆవిడకు పొగరేమీ లేదు. బతుకు మొత్తం మీద ఆవిడ ఒకరికి చెప్పిన సలహా ఒకే ఒక్కటి. అది మంచికి చెప్పిందో చెడ్డకు చెప్పిందో ఆ మధ్యాహ్నం తేలబోతోంది. పొద్దున్నించీ గుండెలో అదే దడ.

ముందుండి నడిపించే స్వభావం ఆవిడకు చిన్నప్పటి నుంచీ లేదు. వేదిక మీద ఒంటరిగా వాయించే పెద్ద కళాకారిణి అవుదామని ఈ విశ్వవిద్యాలయంలోనే చేరింది. ఆఖరి ఏడాది నిండు సభలో వాయిస్తుండగా మూడో వరసలో ఒక ముసలాయనకు దగ్గు తెర వచ్చింది. పాపం ఆయన దగ్గు అయ్యేదాకా ఆగుదామని ఈవిడ వేగం తగ్గించింది. ఆయన ఎంతకీ ఆపలేదు. ఈవిడా అలాగే లాగుతూ కూర్చుంది. చివరికి సభంతా గొల్లుమంది. పియానో నేర్పిన టీచరు తర్వాత పక్కకు పిలిచి, "నీకు ఎదుటివాళ్ళ మీద ధ్యాస ఎక్కువమ్మా. ఒంటరిగా వాయించేవాళ్ళకు అంత పనికిరాదు. తోడు వాయించు, నిన్ను మించినవాళ్ళుండరు" అంది. ఈ పిల్ల ఏడుస్తుందనుకున్నారు అందరూ. ఈ పిల్ల మాత్రం ఇంటికి పోయి, నెత్తి మీది మూట దించినట్టు హాయిగా నిద్రపోయింది. ఆ రోజు నుంచి ఈ బెంచీ మీదే ఉంది. ఎప్పుడూ బాధపడలేదు.

అలాంటి మనిషి రెండేళ్ళ కిందట నోరు జారింది.

గాత్రం క్లాసులో పొడుగమ్మాయి అని ఒకతి ఉండేది. గుమ్మం దాటేటప్పుడు తల వంచుకునే అలవాటు, గంట కొట్టినట్టు గొంతు. గాత్రం మాస్టారు ఆ అమ్మాయిని కోయిల అని పిలిచి మురిసిపోయేవాడు. ఆ ఏడాది ప్రవేశ పరీక్షల్లో ఎవరో అమ్మాయికి గొంతు పూడుకుపోయి, బయటికొచ్చి మెట్ల మీద కూలబడి ఊపిరాడక ఎగశ్వాస పెట్టింది. అందరూ నీళ్ళంటూ విసనకర్రంటూ పరుగెత్తుతుంటే, పొడుగమ్మాయి వెళ్ళి పక్కన కూర్చుని, ఆ పిల్ల ఊపిరి ఎంత వేగంగా ఉందో అంత వేగంగానే సన్నగా కూనిరాగం తీసింది. తర్వాత నెమ్మదిగా, తెలియకుండా, రాగాన్ని నిదానం చేసింది. ఆ పిల్ల ఊపిరి కూడా వెంట నిదానమైంది. అది తోడక్క కిటికీలోంచి చూసింది. తనకు తెలిసిన పనే అది, కానీ తను వెంట వెళ్ళడంతో ఆగుతుంది. ఈ అమ్మాయి వెంట వెళ్ళి, చెయ్యి పట్టుకుని వెనక్కి తీసుకొచ్చింది. ఆ సాయంత్రం ఉండబట్టలేక, "నువ్వు చికిత్స కోర్సులోకి మారితే బాగుంటుందేమోనే" అనేసింది.

పొడుగమ్మాయి వారం తిరిగేసరికి మారిపోయింది. గాత్రం మాస్టారు మాత్రం తోకతొక్కిన తాచులా లేచాడు. "నా కోయిలను తీసుకెళ్ళి ఆసుపత్రిలో పడేశారు కదమ్మా" అని వరండాలో అందరి ముందూ అన్నాడు. అప్పటి నుంచి ఆవిడతో మాటల్లేవు. ఎదురుపడితే గోడకేసి చూస్తాడు.

అదైనా సహించవచ్చు. పోయిన నెలలో ఆసుపత్రి వార్డులో జరిగే పరీక్షలో పొడుగమ్మాయి తప్పింది. అటువంటి గొంతున్న పిల్ల తప్పడమేమిటని అందరూ ముక్కున వేలేసుకున్నారు. గొంతే కొంప ముంచింది మరి. మంచం పక్కన నిటారుగా నిలబడి పాట అందుకుంటే వార్డు వార్డంతా పనులు మానేసి విన్నారు, నర్సులు చప్పట్లు కొట్టారు. ఎవరి కోసం పాడిందో ఆ పేషెంటు మాత్రం మొహం గోడకు తిప్పుకుని పడుకుంది. "పేషెంటు కోసం పాడమంటే నువ్వు వార్డు కోసం పాడావు" అంది ఆ కోర్సు చెప్పే చికిత్స మేడం. ఇంకొక్క అవకాశం ఇచ్చారు, అది ఇవాళ. ఇవాళ కూడా తప్పితే చికిత్స డిగ్రీ చేజారినట్టే. గాత్రంలోకి వెనక్కి తీసుకునే గడువు ఎప్పుడో దాటిపోయింది. ఇటూ అటూ కాని మామూలు డిగ్రీ కాగితం పుచ్చుకుని వెళ్ళిపోవాలి. ఆ పిల్లను నడిదారిలో నిలబెట్టింది నేనేనని తోడక్కకు నెలరోజులుగా అన్నం సయించడం లేదు.

మధ్యాహ్నం విభాగం వ్యానులో చిన్న కీబోర్డు ఎక్కించుకుని ముగ్గురూ బయల్దేరారు. ముందు సీట్లో చికిత్స మేడం, వెనక పొడుగమ్మాయి, పక్కన తోడక్క. మేడం సన్నగా, ముక్కుసూటిగా ఉండే మనిషి. పొడుగమ్మాయి మోకాళ్ళు ముందు సీటుకు తగులుతుంటే పక్కకు తిప్పుకుని కూర్చుంది. ఆ అమ్మాయి ఊపిరి పైపైన ఆడుతోంది. దాంతో తోడక్క ఊపిరీ పైపైనే ఆడింది.

వాళ్ళు వెళ్ళింది ఇంక మందులతో పని లేనివాళ్ళ వార్డు. పొడవాటి గది, ఇనప మంచాలు, పెద్ద పెద్ద కిటికీలు. గోడలకు వేసిన లేత రంగు మంచాల తలలు తగిలిన చోటల్లా గీతలు పడింది. కీబోర్డు బండి చక్రం ఒకటి కీచుమంటుంటే పడుకున్నవాళ్ళు తలలు తిప్పి చూశారు. తలుపు దగ్గర మంచం మీద రేడియో తాత ఉన్నాడు. ఎవరు ఏ పాట ఎత్తుకున్నా వంత పాడేస్తాడు, జ్వరం చూసే నర్సుకు కూడా చప్పట్లు కొడతాడు. చివరి కిటికీ పక్కన ఉన్నది టైలరమ్మ. పోయినసారి గోడకు తిరిగి పడుకున్నది ఈవిడే. పెళ్ళి పేరంటం అనకుండా మిషను ముందే బతుకంతా గడిపి, బజారు బజారంతటికీ బట్టలు కుట్టిన మనిషి. ఇప్పుడు దుప్పటి కింద ఉన్నదీ లేనిదీ తెలియనంత చిన్నదైపోయింది. పక్కన స్టూలు మీద ఆవిడ చెల్లెలు కూర్చుని ఉంది. ఆ చెల్లెలికి కాస్త చెవుడు.

నర్సుతో మాట్లాడి వచ్చిన మేడం పొడుగమ్మాయిని ఆపింది. "టైలరమ్మకు రాత్రి నుంచి ఏమీ బాగాలేదట. ఇవాళో రేపో అన్నారు. నువ్వు పరీక్షకు తాతగారిని తీసుకోవచ్చు. నేనేమీ తప్పుపట్టను."

రేడియో తాత అప్పుడే చప్పట్లకు సిద్ధంగా లేచి కూర్చున్నాడు. ఆయన దగ్గర కూర్చుంటే కళ్ళు మూసుకుని పాసవ్వచ్చు. పొడుగమ్మాయి తోడక్క వైపు చూసింది. తాతనే తీసుకోవే తల్లీ అన్న మాట తోడక్క నాలుక చివరికి వచ్చింది. ఒకసారి నోరు జారి ఇంతదాకా తెచ్చానని గుర్తొచ్చి మింగేసింది.

"మళ్ళీ వస్తానని పోయినసారి ఈవిడకు చెప్పానండీ" అంది పొడుగమ్మాయి చివరికి. "వాళ్ళ చెల్లెలుగారు సరేనంటే ఈవిడ దగ్గరే కూర్చుంటాను."

మేడం ఒంగి ఆ చెల్లెలి చెవి దగ్గర అడిగింది. "రండమ్మా, రండి" అంది ఆవిడ. "మా అక్కకు చుట్టూ మనుషులుంటేనే ఇష్టం. కొట్టు ఎప్పుడూ జనంతో నిండి ఉండేది."

"ఆవిడకు ఏ పాటలు ఇష్టం అండీ?" పొడుగమ్మాయి గట్టిగా అడిగింది. పోయినసారి ఈ ప్రశ్న అడగలేదు.

"పాటలా? మా అక్కా? రేడియో పెడితే కట్టేయమనేది. కత్తిరింపు తప్పుతుందట. మిషను చప్పుడు చాలనేది. కుట్టుకుంటూ ఊఁ ఊఁ అని తనలో తను మూలిగేది, అది పాటంటే పాట."

పొడుగమ్మాయి ఇంటి దగ్గర నేర్చుకుని వచ్చిన పాటలన్నీ ఆ మాటతో గాలికి పోయాయి. ఆ సంగతి తోడక్కకు ఆ పిల్ల మెడ వాలడం చూస్తేనే అర్థమైంది. మంచాల మధ్య చోటు చాలక కీబోర్డును మంచానికి ఆనించి పెట్టారు. తోడక్క కింద పెడలు పెట్టుకుని, వీధి చెప్పులతో అది సరిగ్గా అందక, చెప్పులు విడిచి వట్టి కాలితో నొక్కి చూసుకుంది. పొడుగమ్మాయి ఇంకా మొదలుపెట్టలేదు. టైలరమ్మ చేతుల వైపు చూస్తోంది.

ఆ చేతుల్లో బట్టలు కొలిచే పసుపు రంగు టేపు ఉంది. అంకెలు చాలావరకు చెరిగిపోయాయి, రెండు కొసలకూ ఇత్తడి తొడుగులు. వార్డుకు వచ్చినప్పటి నుంచి అది వదలదట. దుప్పటి మీద పొడుగ్గా పరిచి, బొటనవేలితో కొద్దికొద్దిగా చుట్ట చుడుతుంది. అయ్యాక మళ్ళీ పరుస్తుంది. ఇప్పుడు టేపు మంచమంతా పరుచుకుని, అవతలి ఇత్తడి కొస కీబోర్డు అంచు మీదకు వచ్చి ఉంది. కళ్ళు మూసుకునే ఉన్నా బొటనవేలు మాత్రం కదులుతోంది. ఊపిరి తీసినప్పుడు ఒక చుట్టు, తర్వాత చాలాసేపు ఏమీ లేదు, మళ్ళీ ఊపిరి, మళ్ళీ ఒక చుట్టు.

పొడుగమ్మాయి స్టూలు లాక్కుని, తన పొడుగంతా మడిచి, తల దిండుకు సమానంగా వచ్చేలా కూర్చుంది. తర్వాతి ఊపిరి కోసం ఆగింది. అది వచ్చింది. వేలు కదిలింది. దాంతో పాటే పెదవులు కలిపి "ఊఁ" అంది. మాట లేదు, పాట లేదు. పక్క మంచానికి కూడా వినపడనంత చిన్నగా.

తోడక్క ఎడమ చేత్తో ఒకే ఒక స్వరం ముట్టుకుంది. ఎప్పుడూ పాడేవాళ్ళ భుజాలు చూసి ఊపిరి తీసే మనిషికి ఈసారి భుజాలు చూడాల్సిన పని లేకపోయింది. కళ్ళ ముందే ఇత్తడి కొస కదులుతోంది. టైలరమ్మ ఒక చుట్టు చుడితే ఆ కొస కీబోర్డు అంచు మీద ఒక మెట్టు దాటుతుంది. టైలరమ్మ ఊపిరి వెంట అమ్మాయి, అమ్మాయి వెంట తోడక్క. ముగ్గురికీ ఒకే నడక కుదిరింది. కాసేపటికి టైలరమ్మ గొంతులో కూడా సన్నగా ఏదో కదిలింది. మూలుగో, పాత ఊఁ కారమో తెలియదు. చెల్లెలు తనకు వినపడకపోయినా అక్క గొంతు కదలడం చూసింది. "అదిగో, కుట్టేస్తోంది" అంది నవ్వుతూ, కళ్ళు తుడుచుకుంటూ. దుప్పటి కింద కుడి పాదం ఒకసారి కిందికీ పైకీ ఆడింది. తోడక్క వట్టి పాదం కూడా పెడలు మీద అలాగే ఆడింది. తనకూ ఆవిడకూ బతుకంతా కాలితో తొక్కే పనేనని అప్పుడు తట్టి, తోడక్కకు ఆ మంచం మీది మనిషి మీద తోడబుట్టినదాని మీద పుట్టినంత ప్రేమ పుట్టింది.

చుట్టుకూ చుట్టుకూ మధ్య ఎడం పెరిగింది. పొడుగమ్మాయి ఊఁ అనడం కూడా అంతంత దూరం జరిగింది. మధ్య నిశ్శబ్దంలో ఆ పిల్ల తొందరపడలేదు, పూడ్చాలని చూడలేదు. ఇత్తడి కొస ఇంకో మెట్టు దాటింది. ఆగింది. చాలాసేపటికి ఇంకో మెట్టు దాటింది. ఆగింది.

పొడుగమ్మాయి ఊఁ అని సాగదీసి పట్టుకుంది. తర్వాతి ఊపిరి రాలేదు. తోడక్క వేళ్ళు మెట్ల మీదే ఉన్నాయి. ఇన్నేళ్ళలో మొదటిసారి ఎక్కడ ముగించాలో ఆవిడకు తెలియలేదు. ముందు ఆపితే ఆవిణ్ణి వదిలేసినట్టు, తర్వాత ఆపితే ఇక్కడెవరూ లేనట్టు. పొడుగమ్మాయి గొంతును కొద్దికొద్దిగా దించుకుంటూ, కిటికీలోంచి వచ్చే గాలి చప్పుడులో కలిపేసి, పెదవులు అలాగే మూసుకుని ఉంచింది. అప్పుడు తోడక్క కాలు పెడలు మీద నుంచి తీసింది.

నర్సు వచ్చి మణికట్టు పట్టుకుని చూసి, గడియారం వైపు చూసి, చెల్లెలి భుజం మీద చెయ్యి వేసింది. ఆవిడకు చెప్పాల్సిన అవసరం లేకపోయింది. కొంచెంసేపు ఏడ్చింది. తర్వాత అక్క చేతిలోంచి టేపు తీసి చూసి, "సగంలో వదిలింది. సగంలో వదిలే మనిషి కాదమ్మా మా అక్క" అంది. ఆ తర్వాత ఏదో తోచినట్టు దాన్ని పొడుగమ్మాయి చేతిలో పెట్టింది. "నువ్వుంచుకో. వేలు ఊరికే ఆడిస్తోందనుకున్నాం మేమందరం. నువ్వొక్కదానివే చూశావు."

రేడియో తాత ఈసారి చప్పట్లు కొట్టలేదు. దుప్పటి గడ్డం దాకా లాక్కుని పడుకున్నాడు.

బయట వరండాలో మేడం తన అట్టకు పెట్టుకున్న కాగితం వైపు చూసుకుంది. పైన పేషెంటు పేరు తప్ప అందులో ఏమీ రాసి లేదు. "పాసయ్యావు" అంది. "మార్కులు రేపు వేస్తాను, ఇవాళ నా చెయ్యి ఆడదు. వెళ్ళి మొహం కడుక్కునిరా, బండి ఎక్కుదాం."

వ్యానులో పొడుగమ్మాయి కాసేపు వెక్కి వెక్కి ఏడ్చింది. తర్వాత ఆకలేస్తోందంది. తోడక్క తన సంచిలోంచి డబ్బా తీసి ఇచ్చింది. పొద్దున దడలో మూత తీయని భోజనం అది. ఆ పిల్ల సగం తిని సగం ఇచ్చింది, తోడక్క ఆ సగం శుభ్రంగా తినేసింది. నెలరోజుల తర్వాత మొదటిసారి ఉప్పూ కారం తెలిశాయి.

"అక్కా, కోర్సు మారమని మీరు చెప్పారు చూడండి, అప్పుడు మారాక మిమ్మల్ని బాగా తిట్టుకున్నాను" అంది పొడుగమ్మాయి.

"తిట్టుకోవూ మరి."

"మొన్న పరీక్ష తప్పినప్పుడు ఇంకా తిట్టుకున్నాను."

"అదీ న్యాయమే."

"ఇంక తిట్టను. ఆ వార్డులోనే పని ఇస్తారేమో మేడంని అడుగుతాను" అని, మోకాళ్ళు పక్కకు తిప్పుకుని, తోడక్క భుజం మీద తల ఆనించి నిద్రపోయింది. ఆ తల అందేలా ఉండాలని తోడక్క దారంతా నిటారుగా కూర్చుంది. నడుం పట్టేసింది. అయినా కదల్లేదు. కడుపు నిండినంత హాయిగా ఉంది ఆవిడకు.

సాయంత్రం ఎండ గదిలోకి ఏటవాలుగా పడుతోంది. పొడుగమ్మాయి టేపు తెచ్చి పియానో మూత మీద పెట్టింది. "ఇంటికి తీసుకెళ్తే మా అమ్మ కర్టెన్లు కొలుస్తానంటుంది. ఇక్కడ ఉండనివ్వండక్కా" అని తల వంచుకుని తలుపు దాటి వెళ్ళిపోయింది.

ఆ పిల్ల అటు వెళ్ళగానే గాత్రం మాస్టారు గుమ్మంలో నిలబడ్డాడు. గోడకేసి చూడలేదు. కాసేపు ఉత్తరీయం సర్దుకుని, గొంతు సవరించుకుని, "కోయిల పాసయిందటగా" అన్నాడు.

"పాసయింది మాస్టారూ."

"ఏం పాడింది?"

"పాడలేదు. ఊఁ అంది."

"ఊఁ అందా? అంతేనా?"

"అంతే. కానీ శృతి మీరు నేర్పిందే. అంత సన్నగా అన్నా ఎక్కడా జారలేదు."

ఆయన కొంతసేపు కిటికీలోంచి బయటికి చూశాడు. "రేపు పొద్దున మీరు రాగానే కబురు చేయండి. ఇద్దరం కలిసి టీ తాగుదాం" అని వెళ్ళిపోయాడు. రెండేళ్ళ మౌనం అలా టీతో తీరబోతున్నందుకు తోడక్కకు నవ్వొచ్చింది.

గేటు దగ్గర స్కూటరు హారను మోగింది. లిఫ్టుల మెకానిక్కు వచ్చాడు. ఆయనకు ఓపిక తక్కువ, రెండోసారి కూడా మోగించాడు. తోడక్క దిండు తీసి బెంచీ కింద పెట్టి, పలచటి బూట్లు గోడవారకు నెట్టి, చెప్పులు వేసుకుంది. వెళ్ళబోతూ టేపు చేతిలోకి తీసుకుంది. మిగిలిన సగం చుట్టేద్దామని బొటనవేలు దానంతటదే కదిలింది. మళ్ళీ ఏమనుకుందో, ఎలా ఉన్నదాన్ని అలాగే మూత మీద తిన్నగా పరిచి, లైటు ఆర్పి తలుపు దగ్గరికి వేసింది.

పియానో మూత మీద పసుపు టేపు సగం చుట్టుకుని, సగం పరుచుకుని ఉంది, ఇత్తడి కొస మీద కాస్త ఎండ ఉంది.